రాళ్ళు నాకే మేడమ్

మొన్న కాలేజీలో జరిగిన సంతాప సభలో ఆమెను సౌమ్యురాలు అన్నారు. మృదుభాషి అన్నారు. ఎవరి మనసూ నొప్పించని మనిషి అని మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ అన్నారు. వెనక వరుసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయి సగంలోనే లేచి బయటికొచ్చేశాను. ఆమె సౌమ్యురాలు కాదు. ఆమె నోటికి జడవని ప్రిన్సిపాల్ మా కాలేజీలో పనిచెయ్యలేదు. బతికున్నన్నాళ్ళూ ఆమెను చూసి పక్కకు తప్పుకున్నవాళ్ళే ఇప్పుడు ఫోటోకి దండ వేసి, లేని మెత్తదనం అంటగట్టి పంపిస్తున్నారు. నేను ఒప్పుకోను. నేనెరిగిన మనిషిని నేనే రాసుకుంటాను.

ఆమె జియాలజీ చెప్పేది, నేను తెలుగు. ఇద్దరి ఇళ్ళూ తిరుపతిలో, ఉద్యోగాలు చిత్తూరులో. పొద్దున ఒకే బస్సు, సాయంత్రం ఒకే బస్సు. నేత చీర, కాళ్ళకు మగపిల్లలు ఆటలకు వేసుకునే బూట్లు, భుజానికి గోనెపట్టా సంచి. సంచిలో ఊరుబిండి పచ్చడి డబ్బా ఒకటుండేది, మిగిలినవన్నీ రాళ్ళే. ఆ సంచి కాలిమీద పడి కండక్టరు ఒకసారి కుంటుకుంటూ టిక్కెట్లు కొట్టాడు. అప్పట్నుంచీ ఆమె బస్సెక్కగానే అడిగేవాడు:

"ఇయ్యాళ యా కొండ తెచ్చినారు మేడమ్?"

"నీ బస్సు మోసేంత కొండే తెచ్చినానప్పా. పోనీ."

కిటికీ సీటు ఆమెదే. అందులో వేరే మాట లేదు. పూతలపట్టు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ గుట్టల్ని నిలువునా కోసేసినప్పుడు, రోజూ ఆ చోటు రాగానే నా భుజం పట్టి ఊపేది. "సూడు, ఆ గోడ సూడు. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు." నాకు గోడ తప్ప ఇంకేమీ కనపడేది కాదు. ఆ మాటే అంటే నావైపు జాలిగా చూసి, మళ్ళీ కిటికీలోకి తిరిగేది.

రాయి దొరికితే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. తర్వాత నాలుక ఆనించేది. క్లాసులో, రోడ్డు మీద, ఒకసారి ఐరాల దగ్గర ఎవరిదో పెళ్ళి పందిట్లో కూడా. పిల్లలు ఆమెకు 'రాళ్ళు నాకే మేడమ్' అని పేరు పెట్టారు. ఇలాంటి పేర్లు టీచర్ల చెవిన పడకుండా పిల్లలు జాగ్రత్తపడతారు కదా. ఈమె దగ్గర ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది. వార్షికోత్సవం రోజు స్టేజీ ఎక్కి, "రాళ్ళు నాకే మేడమ్ మాట్లాడుతుండాది, అందరూ నోరు మూసుకోని వినండి" అని మొదలుపెట్టింది. ఎందుకు నాకుతారు మేడమ్ అని నేనే ఒకసారి అడిగాను.

"కన్ను అబద్ధం చెప్తాది. నాలుక్కి అంత తెలివి లేదు" అంది.

జియాలజీలో పిల్లలు చేరడం లేదని ఆ గ్రూపు ఎత్తేస్తామన్నారు ఒక ఏడాది. అప్పటికి ఆమె క్వారీలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టు కట్టించుకుని ఉంది. ఆ కట్టు చెయ్యితోనే కాలేజీ గేటు ముందు బల్ల వేసుకుని, దానిమీద రాళ్ళు పరిచి, అడ్మిషన్ల వారమంతా కూర్చుంది. వచ్చిన ప్రతి పిల్లనూ పిలిచి చేతిలో రాయి పెట్టేది. ప్రిన్సిపాల్ వచ్చి ఇదేం సంత మేడమ్ అంటే, "సంతే సార్. మీరు అమ్మనంటే నేను అమ్ముకుంటా ఉండాను" అంది. పిల్లలు చేరారు. ఆమె రిటైరయ్యేదాకా ఆ గ్రూపు జోలికి ఎవరూ పోలేదు.

ఆమెకు గిట్టనిది ఒక్కటే, జాతకం రాళ్ళు. మా స్టాఫ్ రూములో ఉంగరం లేని వేలు తక్కువ. కెంపు, పగడం, పుష్యరాగం, ఎవరి గ్రహం వాళ్ళు వేలికి పెట్టుకుని తిరిగేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు తెలియక ఆమె దగ్గరికి పోయి, ఈ రాయి నాకు కలిసొస్తుందా మేడమ్ అని అడిగేవాళ్ళు.

"దానికి నువ్వు కలిసొస్తావా అని అడిగినావా? భూమిలోపల హాయిగా పడుకోనుండేదాన్ని పీక్కొచ్చి నీ వేలికి కట్టినారు. నీ ప్రమోషనుకూ దానికీ ఏం సంబంధం?"

అడిగినవాళ్ళు ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినేవాళ్ళు కాదు.

ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు. నాకు ఆమె పూర్తిగా తెలిసింది మా పెదనాయన ఉంగరం విషయంలోనే. మా నాయనకు అన్న ఆయన. చిత్తూరు బజారు వీధిలో బట్టల అంగడి. మంచివాడే, కానీ కోపం వచ్చిందంటే వెనకాముందూ చూడడు. ఆయనకు శుక్రుడు బాగాలేడని జ్యోతిష్కుడు చెప్పాడు. వజ్రం బదులు ఒపల్ అనే రాయి పెట్టుకున్నా సరిపోతుందన్నాడు. పెదనాయన తిరుపతిలో ఒక రాయి కొన్నాడు. గోరంత ఉంటుంది, తెల్లగా, కొంచెం అటూ ఇటూ తిప్పితే లోపల పచ్చ, నారింజ, నీలం కదిలేవి. దాన్ని ఉంగరంలో పొదగమని మస్తాన్ భాయ్‌కి ఇచ్చాడు.

మస్తాన్ భాయ్‌ది పెదనాయన అంగడికి నాలుగు అడుగుల దూరంలో ఒక చిన్న కొట్టు. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళు బయట నిలబడాలి. రాళ్ళు పొదగడమే ఆయన పని. బజారులోని నగల కొట్లన్నీ ఆయనకే పనిచ్చేవి. బంగారం, రాయి చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. చీటీ రాసుకోవడం లేదు, తూకం చూసుకోవడం లేదు. ఆ నమ్మకం తప్ప ఆయన దగ్గర వేరే పెట్టుబడి లేదు.

ఉంగరం వచ్చింది. శుక్రవారం పొద్దున పెట్టుకోవాలి, ముందు శుద్ధి చెయ్యాలి. గురువారం రాత్రి మా పెద్దమ్మ దాన్ని వెండి గిన్నెలో వేసి పంచామృతం పోసి, దేవుడి దగ్గర పెట్టింది. తెల్లారి తీసి పసుపునీళ్ళతో కడిగి చూస్తే రాయిలో రంగు లేదు. తెలుపు కూడా లేదు. సోడా సీసా పగిలిన ముక్కలా కిందున్న బంగారం కనపడుతోంది.

పెదనాయన స్నానం కూడా చెయ్యకుండా బజారుకు పోయి మస్తాన్ భాయ్ కొట్టు ముందు నిలబడ్డాడు. అసలు రాయి కాజేసి రంగేసిన గాజుముక్క పెట్టాడనీ, పాలల్లో రంగు కరిగిపోయి గుట్టు బయటపడిందనీ వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచాడు. దొంగ అన్నాడు. అంతటితో ఆగక ఉంగరం ఫోటో తీసి బజారు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికల్లా నగల కొట్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, పని తొందరేం లేదులే భాయ్ అంటూ తమ రాళ్ళు తాము పట్టుకుపోయారు. ఆదివారం కూర్చోబెట్టి మాట్లాడతామన్నాడు వర్తక సంఘం పెద్ద.

శనివారం బస్సులో ఇదంతా నేను ఆమెకు ఏదో ఊసుపోక చెప్పాను. ఆమె ఊరుబిండి డబ్బా మూత పెట్టేసింది.

"పాలల్లో ఎంతసేపుండింది?"

"రాత్రంతా. ఉత్త పాలు కాదు మేడమ్, పంచామృతం."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆగి, "ఆ భాయిని ఏమన్నారంటివి?" అని అడిగింది.

"దొంగ అన్నారు."

"బజారులోనా? అందరి ముందరా?"

అవునన్నాను. ఆమె డబ్బా సంచిలో పడేసింది. చిత్తూరు బస్టాండులో దిగాక కాలేజీ ఆటో ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టి లాగింది. "బిన్నా రా, నిలబడొద్దు. మీ పెదనాయన ఇల్లు యాడుండాది?"

పెదనాయన వసారాలో తెల్ల పంచె కట్టుకుని పేపరు చదువుతున్నాడు. నా తోటి మేడమ్ అని చెప్పగానే మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోకుండానే ఉంగరం చూపించమంది. కడిగినప్పటి తడి గుడ్డలోనే చుట్టి, డబ్బాలో మూత బిగించి పెట్టినదాన్ని తీసి ఇచ్చాడు. భూతద్దం పెట్టి చూసింది. మా పెద్దమ్మ కాఫీ పట్టుకుని గడప దాటి వచ్చిన ఆ క్షణంలోనే, దేవుడి దగ్గర పెట్టి శుద్ధి చేసిన ఉంగరానికి నాలుక ఆనించింది.

"ఎంగిలి" అంది పెద్దమ్మ.  కాఫీ గ్లాసు అక్కడే కింద పెట్టేసింది.

"ఎండినదైతే తడికోసం నాలుకను పట్టుకునేది. ఇది అంటుకోలేదు. కడుపు నిండా తాగింది" అంది ఈమె, ఎవరి మాటా వినపడనట్టు. "అన్నా, నీ రాయి యాడికీ పోలేదు. ఇదే నీ రాయి. ఒపల్‌లో ఇదొక రకం, నీళ్ళు తాగేది. లోపల కంటికి ఆనని గుండ్లుంటాయి. డబ్బాలో సగ్గుబియ్యం పోసినట్టు వరసగా పేర్చుకోనుంటాయి. ఆ వరసల మీద వెలుతురు పడి విడిపోతే నువ్వు చూసిన రంగులు. వేరే రకాల్లో గుండ్ల మధ్య సందులు పూడిపోయుంటాయి. దీంట్లో ఖాళీ. నువ్వు నీళ్ళు పోస్తివి, సందులు నిండిపోయినాయి. ఇంగ వెలుతురుకు గుండేదో సందేదో తెలియక నేరుగా దూరిపోతుండాది. అంతే."

పెదనాయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఇవన్నీ పుస్తకాల మాటలమ్మా. తెల్లగా ఉన్న రాయి గాజైతే ఏమనుకోవాల?"

"నీ పంచె తెల్లగానే ఉండాది గదా. వానలో తడిస్తే లోపల నిక్కరు కనపడుతుంది. పంచె ఎవురో మార్చేసినారని పోలీసు స్టేషనుకు పోతావా?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పెదనాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయనతో ఆ ఇంట్లో అలా మాట్లాడిన ఆడమనిషి లేదు.

"ఎండితే రంగొస్తుందా?"

"వస్తాది. గాలి తగిలేచోట పెట్టు. ఎండలో పెట్టొద్దు, పగుల్తాది."

"రాకపోతే?"

"వస్తాదన్నాను గదా."

వీధిలోకి వచ్చాక నేను అడిగాను, నిజంగా వస్తుందా అని. ఆమె నడక ఆపలేదు. "పంచామృతంలో నెయ్యి ఉండాది. నెయ్యి లోపలికి దూరుంటే రాదు."

"మరి అంత గట్టిగా చెప్పారే?"

"మెత్తగా చెప్తే మీ పెదనాయన వింటాడా?"

మేము అనుకోనిది ఒకటి జరిగింది. మేము వెళ్ళగానే పెద్దమ్మకు ఎంగిలి గుర్తొచ్చింది. ఎవరో నాకిన ఉంగరాన్ని అలాగే ఇంట్లో పెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. మళ్ళీ శుద్ధి చేసింది. ఈసారి పసుపునీళ్ళలో, ఇంకా బాగా శుద్ధి కావాలని ఆదివారం పొద్దుటిదాకా అలాగే ఉంచింది.

అందువల్ల ఆదివారం పెదనాయన ఉంగరాన్ని రుమాల్లో చుట్టుకుని బజారుకు తెచ్చేసరికి, అది మొదటికన్నా నున్నటి గాజులా ఉంది. పైగా లేత పసుపు. మస్తాన్ భాయ్ కొట్టుకు ఎదురుగా ఉన్న టీ అంగడి బెంచీల మీద సంఘం పెద్ద, నగల కొట్లవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఈమె సెలవు రోజున తిరుపతి నుంచి బస్సెక్కి, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టతో వచ్చింది. నేను కూడా వెళ్ళాను. ఉంగరం చూసి పసుపునీళ్ళ సంగతి విని ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. పెద్దమ్మను మాత్రం ఏమీ అనలేదు. నాకింది నేనే గదా అంది.

సంఘం పెద్దకు తగువు తీర్చడానికి తెలిసిన దారి ఒకటే. మా వైపు ఎవరి మాట నిజమో తేలనప్పుడు కాణిపాకం పోయి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయిస్తారు. అక్కడ అబద్ధమాడే ధైర్యం ఎవరికీ ఉండదని నమ్మకం. కులం, మతం అడ్డం రావు. "మస్తానూ, స్నానం చేసి నేను తియ్యలేదని ఒక్క మాట చెప్పు. అయిపోతుంది" అన్నాడాయన.

మస్తాన్ భాయ్ రెండు రోజుల్లోనే వాడిపోయి ఉన్నాడు. "పోదాం సామీ. నాకేం భయం" అని కొట్టుకు తాళం వెయ్యబోయాడు.

ఈమె వెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది. "పోవద్దు భాయ్. అరిచిన మనిషి ఇంట్లో కూర్చుంటే దొంగ అనిపించుకున్నోడు పోయి ప్రమాణం చెయ్యాలా? ఈ రోజు ఒక రాయికి చేస్తే, రేపట్నుంచి ప్రతి రాయికీ నిన్ను కాణిపాకం పిలుస్తారు."

"మేడమ్" అన్నాడు మస్తాన్ భాయ్. గొంతు పెంచలేదు. "మీరు సాయంత్రం బస్సెక్కి తిరుపతికి పోతారు. నేను రేపు ఈడనే అంగడి తెరవాల."

ఆమె నోటికి తాళం పడటం నేను చూసింది ఆ ఒక్కసారే. బెంచీల మీదున్నవాళ్ళు ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. చివరికి తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

"సాయంత్రందాకా ఆగు. రంగు రాకుంటే కాణిపాకం నేనూ వస్తాను. నీ పక్కన నిలబడి నేనూ ప్రమాణం చేస్తాను."

దేవుడి గుళ్ళోకి గోపురం రాళ్ళు చూడ్డానికి తప్ప పోని మనిషి అన్న మాట అది. మస్తాన్ భాయ్ ఆమెను ఎగాదిగా చూసి, తాళం పక్కన పెట్టి, లోపలికి పోయి కూర్చున్నాడు. చెయ్యడానికి పని లేదు. ఉన్న పనిముట్లే ఒక్కోటీ తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఉంగరాన్ని సాసర్లో పెట్టి టీ అంగడి బల్ల మీద, అందరికీ కనపడేచోట పెట్టారు. ఎవరి చెయ్యీ పడకుండా, గాలి తగిలేటట్టు, ఆమె టీ వడపోసే జల్లెడ అడిగి తీసుకుని దానిమీద బోర్లించింది. పక్కనే కూర్చుని పేపర్లు దిద్దడం మొదలుపెట్టింది. పెదనాయన ఎదురు బెంచీ మీద కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. బజారులో పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి జల్లెడలోంచి తొంగి చూసి టీ తాగి పోతున్నారు. టీ అంగడతనికి అంత బేరం ఏ పండక్కీ జరిగి ఉండదు.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఊరికే ఉండరు కదా. ఇది మన కొండల్లో దొరకదా మేడమ్ అని ఒకరడిగారు.

"దొరకదప్పా. మన కొండలు ముసలివి. ఈ రాయి పడుచుది. వయసైపోతే లోపలి నీళ్ళు పోయి ఇదీ మామూలు చెకుముకి రాయి మాదిరి గట్టిపడిపోతాది. ఇది వచ్చింది ఇథియోపియాలో కొండ అంచుల్నుంచి. అగ్నిపర్వతం ఒకసారి పొంగి లావా పరిచింది, దానిమీద బూడిద పడింది, మళ్ళీ లావా. ఆ బూడిద పొరలో నీళ్ళు ఊరి ఊరి ఈ గుండ్లు పేరుకున్నాయి. ఆ దేశం రైతులు కొండ అంచున వేలాడుతా తవ్వి తీస్తారు. అంత దూరంనుంచి వస్తే మీరు పాలు పోసి, పసుపు పూసి, దొంగసొత్తు చేసినారు దాన్ని."

మధ్యాహ్నానికి రాయి మారింది. రంగు మాత్రం రాలేదు. గాజుతనం పోయి సుద్దముక్కలా తెల్లగా, మొద్దుగా అయిపోయింది. చూసినవాళ్ళు పెదవి విరిచారు. "ఇప్పుడు ఆ గాజు కూడా లేదు" అన్నాడు పెదనాయన. సంఘం పెద్ద గడియారం చూసుకున్నాడు. కొట్టులోంచి మస్తాన్ భాయ్ ఒక్కసారి తలెత్తి మా వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు.  ఆమె చేతిలో ఎర్ర పెన్ను ఒకే జవాబు దగ్గర చాలాసేపటి నుంచి ఆగిపోయి ఉంది.

ఆమె పెన్ను పక్కన పడేసింది. జల్లెడ ఎత్తి, ఉంగరం తీసి, బజారు బజారంతా చూస్తుండగా మళ్ళీ నాలుక ఆనించింది. కుర్రవాళ్ళు ఫోన్లు ఎత్తారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఉంగరాన్ని వెనక్కి లాగింది, రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాల్సి వచ్చింది.

"పట్టుకునింది" అంది నాతో.  "సందులు ఖాళీ అయితా ఉండాయి. నెయ్యి పోలేదు లోపలికి."

 ఎండ అంగళ్ళ పైకప్పుల మీదికి పోయే వేళకు రాయి అంచున ఒకచోట పచ్చగా మెరిసింది. ముందుగా చూసింది టీ అంగడతను. తర్వాత దాని పక్కన నారింజ. సంఘం పెద్ద కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశాడు. కాసేపటికి సాసర్ని కొంచెం కదిపితే చాలు, లోపల రంగులు ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తుతున్నాయి. తెలుపులో మాత్రం సన్నటి పసుపు ఛాయ మిగిలిపోయింది.

పెదనాయన లేచి పంచె సర్దుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఉంగరం ఇటివ్వండి, పొద్దుపోతా ఉండాది."

ఆమె జల్లెడ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. "భాయ్‌కి చెప్పొద్దా అన్నా?"

"చెప్తాలే. రేపు కనపడినప్పుడు చెప్తా."

"శుక్రవారం పొద్దున రేపు చెప్తామని ఆగినావా?"

ఆయన మొహం చూస్తే మళ్ళీ వీధి దద్దరిల్లుతుందేమో అనిపించింది. ఆమె కదల్లేదు. బెంచీల మీదున్నవాళ్ళు కూడా కదల్లేదు. ఆయన రోడ్డు దాటి మస్తాన్ భాయ్ కొట్టు ముందుకు పోయి, తలొంచి ఏదో గొణిగాడు.

"నాకు వినపడలేదు" అంది ఈమె ఇవతలి నుంచి.

పెదనాయన వీధివైపు తిరిగాడు. "మస్తాను దొంగ కాదు. తొందరపడి నోరుజారినాను" అన్నాడు, ఈసారి నాలుగు అంగళ్ళకు వినపడేలా. ఆమె జల్లెడ ఎత్తి, ఉంగరం తీసుకుపోయి పెదనాయన చేతిలో పెట్టి, "గ్రూపులో కూడా పెట్టన్నా" అంది.

మస్తాన్ భాయ్ పర్వాలేదు అనలేదు. నవ్వలేదు కూడా. చెయ్యి చాచి ఉంగరం అడిగి తీసుకున్నాడు. అద్దం కళ్ళకు పెట్టుకుని, గోటితో రాయిని కొంచెం కదిపి చూశాడు.

"పట్టు సడలింది సామీ. తడిసి, ఎండి, లాగితే ఏమైతాది మరి. ఈడ పెట్టిపో. రేపు సాయంత్రం రా, బిగించి ఇస్తాను."

పెదనాయన చెయ్యి ముందుకు రాబోయి ఆగింది. ఒక్కసారి మావైపు చూశాడు. ఆమె ఆయనకు సాయం చెయ్యలేదు, ఆ వీధిలో ఇంకెవరూ చెయ్యలేదు. చివరికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఉత్త వేలితో ఇంటివైపు నడిచాడు. మర్నాటికి నగల కొట్లవాళ్ళు తమ రాళ్ళు తిరిగి తెచ్చి ఇచ్చారని తర్వాత తెలిసింది.

తిరుగు బస్సులో నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది. మీరు గెలిచారు మేడమ్ అన్నాను. ఆమె కిటికీలోంచి చూడ్డం లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీ మెలితిప్పుతోంది.

"ఏం గెలిచినాను? నెయ్యి దూరుంటే?"

"దూరలేదు కదా."

"దూరుంటే భాయ్ దొంగ అయిపోయుండేవాడు. పొద్దుట్నించీ ఒక మనిషి మానం తీసుకుపోయి సాసర్లో రాయి చేతిలో పెట్టి కూర్చున్నాను నేను. రాళ్ళను నమ్మొద్దని ఇన్నేళ్ళు అందర్నీ తిట్టినదాన్ని."

ఆమె తనమీద తాను అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.  పూతలపట్టు దాటిపోయింది. ఆ రోజు ఆమె నా భుజం పట్టి ఊపలేదు.

"ఇంగోసారి ఇట్లా అయితే రాయిని అడగను" అంది. "మీ పెదనాయన్నే అడుగుతాను. నీ రాయి నాకు తెలీదు, గాజో ఒపలో అది ఎట్లన్నా పోనీ. ముప్పై ఏండ్లుగా ఎదురుగా చూస్తా ఉండిన మనిషిని దొంగ అనేదానికి నీకు నోరెట్లా వచ్చింది, అది చెప్పు ముందు అని అడుగుతాను."